ఫోన్ మీద సర్కారు కన్ను: చట్టం ఎంతవరకు చూడనిస్తుంది, మన వైపు ఏం సర్దుకోవాలి

ఫోన్‌లో *#21# కొడితే ట్యాపింగ్ జరుగుతోందో లేదో తెలిసిపోతుందన్న ఫార్వర్డ్ వాట్సాప్‌లో ఏళ్లుగా తిరుగుతోంది. అది తప్పు. ఆ కోడ్ చెప్పేది ఒక్కటే, మీకొచ్చే కాల్స్ వేరే నంబరుకు మళ్లుతున్నాయా లేదా అని. ప్రభుత్వం చట్టప్రకారం మీ కాల్ వినదలచుకుంటే మీ ఫోన్ జోలికే రాదు. ఆపరేటర్ నెట్‌వర్క్‌లోనే సంభాషణకు నకలు తీసి దర్యాప్తు సంస్థకు పంపే ఏర్పాటు ఉంటుంది. టక్కున శబ్దం రాదు, బ్యాటరీ వేడెక్కదు, లైన్‌లో గరగర వినపడదు.

కాబట్టి "నా ఫోన్ ట్యాప్ అయిందా" అని కనిపెట్టే పని పక్కన పెట్టండి. మీ సమాచారంలో ఏ ముక్క ఎవరి దగ్గర ఉంది, దాని తాళం చెవి ఎవరి చేతిలో ఉంది అనేది చూడండి. విలేకరులు, న్యాయవాదులు, సంఘాల్లో పనిచేసేవాళ్లు, ఆర్టీఐ దరఖాస్తుదారులు ఇది తప్పక చేయాలి. ఏ గొడవా లేని ఇంట్లోవాళ్లకూ మొదటి మూడు దశలు అవసరమే.

ముందు చట్టం తెలుసుకోండి

1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలోని సెక్షన్ 5(2) దాదాపు 140 ఏళ్లు ఫోన్ వినడానికి ఆధారంగా నడిచింది. ప్రజా అత్యవసర పరిస్థితి, లేదా ప్రజా భద్రత: ఈ రెంటిలో ఒకటి ఉంటేనే వినాలి. పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ వేసిన కేసులో 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు దీనికి పద్ధతులు గీసింది. అవి 2007లో టెలిగ్రాఫ్ నిబంధనల్లోకి 419ఎ నిబంధనగా చేరాయి. ఇప్పుడు వాటి స్థానంలో టెలికమ్యూనికేషన్స్ చట్టం 2023లోని సెక్షన్ 20(2), దాని కింద 2024 డిసెంబరు 6న వచ్చిన నిబంధనలు ఉన్నాయి.

ఆదేశంపై సంతకం పెట్టాల్సింది కేంద్రంలో హోం కార్యదర్శి, రాష్ట్రంలో రాష్ట్ర హోం కార్యదర్శి. అత్యవసరమైతే రాష్ట్రంలో ఐజీ స్థాయికి తగ్గని అధికారి మొదలుపెట్టవచ్చు కానీ 7 పనిదినాల్లోపు పైనుంచి ధ్రువీకరణ రావాలి. రాకపోతే ఆపేయాలి, విన్నది సాక్ష్యంగా వాడకూడదు. ఒక ఆదేశం 60 రోజులు చెల్లుతుంది. పొడిగించుకుంటూ పోయినా మొత్తం 180 రోజులు దాటకూడదు. ఆదేశాలను సమీక్షించే కమిటీకి కేంద్రంలో కేబినెట్ కార్యదర్శి, రాష్ట్రంలో ప్రధాన కార్యదర్శి అధ్యక్షులు.

ఈ వరుస మళ్లీ చదవండి. అడిగేది ప్రభుత్వం, అనుమతించేది ప్రభుత్వం, సమీక్షించేదీ ప్రభుత్వమే. మధ్యలో జడ్జి ఎక్కడా లేరు. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చిన తరువాత కూడా ఈ లోటు తీరలేదు. దీని పర్యవసానం ఎలా ఉంటుందో తెలంగాణలో చూశాం. ప్రతిపక్ష నేతల నుంచి హైకోర్టు న్యాయమూర్తి దాకా ఫోన్లు విన్నారని, 2023 డిసెంబరులో ప్రభుత్వం మారగానే హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని ఆరోపణలు వచ్చాయి. 2024 మార్చిలో పంజాగుట్ట పోలీస్ స్టేషన్‌లో కేసు నమోదైంది. నిజానిజాలు తేల్చాల్సింది కోర్టు. కానీ రికార్డు ఉంచాల్సిన చోట రికార్డే లేకుండా పోతే ఎవరి ఫోన్ విన్నారో బాధితుడికి తెలిసే దారి మూసుకుపోతుంది.

ఇంటర్నెట్ సంగతికి వేరే చట్టం. ఐటీ చట్టం 2000లోని సెక్షన్ 69, 2009 నిబంధనలు. కంప్యూటర్‌లోని సమాచారాన్ని చూడటానికి, డీక్రిప్ట్ చేయించడానికి, అంటే రహస్య సంకేతాల్లోకి మార్చినదాన్ని విప్పించడానికి, ఇది అధికారమిస్తుంది. సహకరించని వారికి 7 ఏళ్ల వరకు జైలు. 2018 డిసెంబరు 20న కేంద్ర హోంశాఖ ఐబీ, సీబీఐ, ఈడీ, ఎన్ఐఏ సహా పది సంస్థలను ఈ సెక్షన్ కింద నోటిఫై చేసింది.

మూడోది చాలామందికి పట్టని విషయం, కాల్ డేటా రికార్డు. అంటే సీడీఆర్. మాటలు కాకుండా మాట్లాడిన ఆనవాళ్లు ఇందులో ఉంటాయి. ఎవరికి, ఎన్నింటికి, ఎంతసేపు, ఏ టవర్ కింద మొదలై ఏ టవర్ కింద ముగిసింది, ఏ హ్యాండ్‌సెట్ ఐఎంఈఐ (ప్రతి ఫోన్‌కూ ఉండే ప్రత్యేక సంఖ్య) అన్నీ. దీనికి హోం కార్యదర్శి సంతకం అక్కర్లేదు. బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 94 కింద పోలీసులు ఆపరేటర్‌ను అడగవచ్చు. లైసెన్సు షరతుల ప్రకారం ఆపరేటర్ దాన్ని కనీసం రెండేళ్లు దాచాలి. 2021 డిసెంబరు వరకు ఆ గడువు ఏడాదే.

దశ 1: ఫోన్ తాళం

మొదట చేయాల్సింది ఇదే, ఎందుకంటే చాలా కేసుల్లో సమాచారం బయటికొచ్చేది ఎక్కడో తీగ మీద నుంచి కాదు, చేతికి చిక్కిన ఫోన్ నుంచి.

నాలుగంకెల పిన్ తీసేయండి. లెక్క చూడండి. ఐఫోన్‌లో ఒక్కో పాస్‌కోడ్ ప్రయత్నానికి సుమారు 80 మిల్లీసెకన్లు పట్టేలా ఆపిల్ చిప్‌ను రూపొందించింది. తప్పుడు ప్రయత్నాల పరిమితిని ఏదైనా ఫోరెన్సిక్ పరికరం దాటేసిందనుకుంటే, నాలుగంకెల్లోని పదివేల కలయికలు 13 నిమిషాల్లో అయిపోతాయి. ఆరంకెలకు 22 గంటలు. అదే ఆరు అక్షరాల్లో చిన్న ఇంగ్లిష్ అక్షరాలూ అంకెలూ కలిపితే ఐదున్నరేళ్లు పైనే. పది అక్షరాలు పెట్టుకుంటే ఇంకా మంచిది. ఐఫోన్‌లో పాస్‌కోడ్ మార్చేటప్పుడు "పాస్‌కోడ్ ఆప్షన్స్" నొక్కితే కస్టమ్ ఆల్ఫాన్యూమరిక్ వస్తుంది. ఆండ్రాయిడ్‌లో స్క్రీన్ లాక్ దగ్గర "పాస్‌వర్డ్" ఎంచుకోవాలి. ప్యాటర్న్ వద్దు, తెర మీద వేలి జిడ్డు గీతే దాన్ని పట్టిస్తుంది.

వేలిముద్ర రోజువారీ వాడకానికి సౌకర్యమే. కానీ నిద్రలో ఉన్నా, చెయ్యి పట్టుకున్నా తెరుచుకుంటుంది. దాన్ని క్షణంలో ఆపడం నేర్చుకోండి. ఐఫోన్‌లో పక్క బటన్, వాల్యూమ్ బటన్ కలిపి రెండు సెకన్లు పట్టుకుంటే ఫేస్ ఐడీ ఆగి పాస్‌కోడ్ తప్పనిసరి అవుతుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ మెనూలో "లాక్‌డౌన్" ఉంటుంది. కనపడకపోతే లాక్ స్క్రీన్ సెట్టింగ్స్‌లో ఆన్ చేయాలి.

ఇంకో ముఖ్యమైన తేడా: ఒకసారి తెరిచి మళ్లీ లాక్ చేసిన ఫోన్ వేరు, ఆఫ్ చేసి ఉన్న ఫోన్ వేరు. ఒకసారి పాస్‌వర్డ్ కొట్టాక డీక్రిప్షన్ కీలు మెమరీలో ఉండిపోతాయి. ఫోరెన్సిక్ పరికరాలు ఎక్కువగా విజయం సాధించేది ఆ స్థితిలోని ఫోన్ల మీదే. రీస్టార్ట్ చేసి ఇంకా తెరవని ఫోన్‌లో ఎక్కువ భాగం మూసే ఉంటుంది. అందుకే విమానాశ్రయం, తనిఖీ, ధర్నా లాంటి చోట్లకు వెళ్లే ముందు ఫోన్ పూర్తిగా ఆఫ్ చేయండి.

దశ 2: బ్యాకప్

చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. వాట్సాప్ సందేశాలు ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్‌లో (పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప మధ్యలో ఎవరూ చదవలేని తాళంలో) ఉంటాయి కాబట్టి నిశ్చింతగా ఉంటారు. అవే సందేశాలు రోజూ రాత్రి గూగుల్ డ్రైవ్‌లోకో ఐక్లౌడ్‌లోకో బ్యాకప్ అవుతుంటాయి. మీరు విడిగా ఆన్ చేయకపోతే ఆ బ్యాకప్‌కు ఎండ్-టు-ఎండ్ రక్షణ లేదు. తలుపుకు తాళం వేసి చెవి గుమ్మం మీదే పెట్టినట్టు.

వాట్సాప్‌లో సెట్టింగ్స్ → చాట్స్ → చాట్ బ్యాకప్ → ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ → ఆన్. పాస్‌వర్డ్ లేదా 64 అంకెల కీ అడుగుతుంది, కొత్త వెర్షన్లలో పాస్‌కీ (పాస్‌వర్డ్‌కు బదులు ఫోన్ తాళంతోనే తెరిచే పద్ధతి) కూడా ఉంటుంది. కీ ఎంచుకుంటే కాగితం మీద రాసి ఇంట్లో ముఖ్యమైన పత్రాలతో పెట్టండి. ఫొటో తీసి గ్యాలరీలో దాచకండి, అది గూగుల్ ఫొటోస్‌లోకి ఎక్కితే మళ్లీ మొదటికే వస్తుంది. ఈ కీ పోతే బ్యాకప్ పోయినట్టే, వాట్సాప్ కూడా తిరిగి ఇవ్వలేదు.

మీరొక్కరు చేస్తే సరిపోదు. సంభాషణ రెండు వైపులా ఉంటుంది. అవతలివాళ్ల బ్యాకప్ తెరిచి ఉంటే మీ మాటలూ అందులో ఉన్నట్టే. 200 మంది గ్రూపులో రహస్యమనేదే ఉండదు, అందులో ఎవరి ఫోన్ చిక్కినా అందరి మాటా చిక్కినట్టే. దీనికి కొంత మందు డిసప్పియరింగ్ మెసేజెస్. సెట్టింగ్స్ → ప్రైవసీ → డిఫాల్ట్ మెసేజ్ టైమర్‌లో 24 గంటలు, 7 రోజులు, 90 రోజులు ఉంటాయి. మామూలు వాడకానికి 7 రోజులు బాగుంటుంది. స్క్రీన్‌షాట్లను ఇది ఆపదు.

జీమెయిల్, గూగుల్ ఫొటోస్, డ్రైవ్ వేరు. అవి ఎన్‌క్రిప్షన్‌లోనే ఉంటాయి కానీ చెవి గూగుల్ దగ్గర ఉంటుంది, చట్టబద్ధమైన ఆదేశం వస్తే గూగుల్ ఇవ్వగలదు. ఐఫోన్ వాడేవారికి అడ్వాన్స్‌డ్ డేటా ప్రొటెక్షన్ ఉంది: సెట్టింగ్స్‌లో మీ పేరు → ఐక్లౌడ్ → అడ్వాన్స్‌డ్ డేటా ప్రొటెక్షన్. ఫొటోలు, నోట్స్, ఫోన్ బ్యాకప్ తాళం మీ దగ్గరే ఉంటుంది. మెయిల్, కాంటాక్ట్స్, క్యాలెండర్ దీని కిందికి రావు. ఈ సౌకర్యం ఎంత విలువైనదో బ్రిటన్‌ను చూస్తే తెలుస్తుంది. అక్కడి ప్రభుత్వం ఒత్తిడి తేవడంతో 2025 ఫిబ్రవరిలో ఆపిల్ ఆ దేశంలో దీన్ని ఉపసంహరించుకుంది.

దశ 3: ఏ మాట ఏ దారిలో

మామూలు కాల్, ఎస్ఎంఎస్ రెండూ ఆపరేటర్‌కు తెరిచిన పుస్తకం. ఓటీపీలు కూడా ఎస్ఎంఎస్సే కదా. అందుకే ఈమెయిల్, సోషల్ మీడియా ఖాతాలకు ఓటీపీకి బదులు ఆథెంటికేటర్ యాప్ లేదా పాస్‌కీ పెట్టండి. వాట్సాప్‌లో సెట్టింగ్స్ → అకౌంట్ → టూ-స్టెప్ వెరిఫికేషన్‌లో ఆరంకెల పిన్ పెడితే ఓటీపీ దొరికినవాళ్లు కూడా మీ నంబరుతో లాగిన్ కాలేరు. "లింక్డ్ డివైసెస్" వారానికోసారి చూడండి. తెలియని బ్రౌజర్ కనిపిస్తే లాగౌట్ కొట్టండి. ఎంత పెద్ద నిఘా సాఫ్ట్‌వేర్ కన్నా, టేబుల్ మీద వదిలిన ఫోన్‌ను రెండు నిమిషాలు పట్టుకున్నవాడే సులువుగా లోపలికొస్తాడు.

వాట్సాప్ మీ మాటలు చదవలేదు. కానీ మీరు ఎవరితో, ఎప్పుడు, ఏ ఐపీ నుంచి మాట్లాడారన్న ఆనవాళ్లు దాని దగ్గర ఉంటాయి. సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్ దగ్గర అవీ ఉండవు. 2016లో అమెరికా కోర్టు సమన్లు ఇచ్చినప్పుడు అది ఇవ్వగలిగినవి రెండే: ఖాతా ఎప్పుడు తెరిచారు, చివరిసారి ఎప్పుడు కనెక్ట్ అయ్యారు. సున్నితమైన సంభాషణకు సిగ్నల్ వాడండి. అందులో సెట్టింగ్స్ → ప్రైవసీ → ఫోన్ నంబర్‌లో రెండు ఆప్షన్లూ "నోబడీ" చేసి, యూజర్‌నేమ్ ఇవ్వండి. అకౌంట్‌లో రిజిస్ట్రేషన్ లాక్ ఆన్ చేయండి.

టెలిగ్రామ్ విషయంలో పెద్ద అపోహ ఉంది. దాని మామూలు చాట్లు, గ్రూపులు ఎండ్-టు-ఎండ్ కావు, సర్వర్లో ఉంటాయి. "సీక్రెట్ చాట్" విడిగా తెరిస్తేనే రక్షణ, అదీ ఇద్దరి మధ్యే. 2024లో సంస్థ అధినేత ఫ్రాన్స్‌లో అరెస్టయ్యాక, చట్టబద్ధమైన ఆదేశాలపై ఐపీ చిరునామా, ఫోన్ నంబరు ఇస్తామని విధానం మార్చుకుంది.

ఫొటో పంపేటప్పుడు ఒక చిన్న జాగ్రత్త. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే లొకేషన్ వివరాలు పోతాయి, డాక్యుమెంట్‌గా పంపితే అలాగే వెళ్తాయి. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్ ఆపేస్తే గొడవే ఉండదు.

దశ 4: ఆనవాళ్లు తగ్గించుకోవడం

సీడీఆర్‌ను ఏ యాప్ తుడవలేదు. ఫోన్ ఆన్‌లో ఉంటే దగ్గరి టవర్‌కు తెలుస్తూనే ఉంటుంది. నగరంలో అది వందల మీటర్ల లోపు, పల్లెలో కిలోమీటర్ల మేర అంచనా. సిమ్ మార్చినా అదే హ్యాండ్‌సెట్ అయితే ఐఎంఈఐ రెండు నంబర్లనూ ముడివేస్తుంది. ఐఎంఈఐ మార్చడం, ఇతరుల పేరుతో మోసం చేసి సిమ్ తీసుకోవడం టెలికం చట్టం సెక్షన్ 42 కింద నేరాలు. మూడేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా. ఆ దారి తొక్కకండి. విలేకరి తన సమాచారదాతను కలవాలంటే చట్టబద్ధమైన, నిక్కమైన పద్ధతి ఒకటే, ఫోన్‌ను ఇంట్లోనే ఆన్‌లో ఉంచి వెళ్లడం. కలిసే చోటికి వెళ్లి ఇద్దరూ ఒకేసారి ఫోన్లు ఆఫ్ చేస్తే అదే పెద్ద ఆనవాలు.

మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో సంచార్ సాథీ పోర్టల్‌లో చూడండి. పరిమితి 9. మీవి కానివి కనిపిస్తే అక్కడే "నాది కాదు" అని నమోదు చేయండి. వేరేవాడి నేరానికి మీ సీడీఆర్ తీయకుండా ఉంటారు.

నకిలీ టవర్ పరికరాలు (అసలు టవర్‌లా నటించి ఫోన్లను తమవైపు లాక్కునేవి) ఫోన్‌ను 2జీకి దించి పనిచేస్తాయి, 2జీ ఎన్‌క్రిప్షన్ బలహీనం. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో సిమ్ సెట్టింగ్స్‌లో "అలో 2జీ" ఆఫ్ చేయవచ్చు. జియోకు 2జీ లేదు కాబట్టి ఏ నష్టమూ ఉండదు. మిగతా నెట్‌వర్క్‌లపై 4జీ సరిగా అందని ఊళ్లలో కాల్సే రాకపోవచ్చు, అప్పుడు మళ్లీ ఆన్ చేసుకోండి.

మీరు చూసే సైట్ల పేర్లు ఇంటర్నెట్ ప్రొవైడర్‌కు కనిపిస్తాయి, పేజీలో ఏముందో కనిపించదు. ఆండ్రాయిడ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో "ప్రైవేట్ డీఎన్ఎస్" పెడితే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. వీపీఎన్ (మీ ఇంటర్నెట్ రాకపోకలను వేరే సంస్థ సర్వర్ మీదుగా పంపే సేవ) వాడటం నేరం కాదు (కశ్మీర్‌లో కొన్ని జిల్లాల్లో అప్పుడప్పుడు నిషేధపు ఉత్తర్వులు వచ్చాయి). కానీ అది చేసేది నమ్మకాన్ని ఒకరి నుంచి ఇంకొకరికి మార్చడమే. ప్రొవైడర్ చూసేది ఇప్పుడు వీపీఎన్ సంస్థ చూస్తుంది. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశం ప్రకారం వీపీఎన్ సంస్థలు వాడకందారుల పేరు, చిరునామా, ఐపీ వివరాలు ఐదేళ్లు ఉంచాలి. దాంతో ఎక్స్‌ప్రెస్ వీపీఎన్, నార్డ్ వీపీఎన్, సర్ఫ్‌షార్క్ భారత్‌లోని సర్వర్లను తీసేశాయి. ఉచిత వీపీఎన్‌లు అసలు వద్దు.

దశ 5: పెగాసస్ తరహా దాడి

పెగాసస్ అంటే ఫోన్‌లోకి రహస్యంగా చొరబడే నిఘా సాఫ్ట్‌వేర్. ఇది అందరికీ వచ్చే ముప్పు కాదు, ఖరీదైన ఆయుధం. వస్తే మాత్రం పైన చెప్పిన ఎన్‌క్రిప్షన్ ఏదీ నిలవదు, ఎందుకంటే అది తెర మీద మీరు చదివేదాన్నే చదువుతుంది. సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో జస్టిస్ రవీంద్రన్ పర్యవేక్షణలో వేసిన కమిటీ 29 ఫోన్లు పరీక్షించింది. ఐదింటిలో మాల్‌వేర్ దొరికింది, అది పెగాససేనని తేల్చలేకపోయింది, ప్రభుత్వం సహకరించలేదని కోర్టుకు చెప్పింది. ప్రభుత్వాల అండ ఉన్న హ్యాకర్లు మీ ఫోన్‌ను లక్ష్యంగా చేసుకున్నారని 2023 అక్టోబరు 31న ఆపిల్ నుంచి హెచ్చరికలు అందుకున్న నేతల్లో హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ కూడా ఉన్నారు.

ముప్పున్నవారు ఐఫోన్‌లో సెట్టింగ్స్ → ప్రైవసీ అండ్ సెక్యూరిటీ → లాక్‌డౌన్ మోడ్, ఆండ్రాయిడ్ 16లో అడ్వాన్స్‌డ్ ప్రొటెక్షన్ ఆన్ చేయాలి. అప్‌డేట్ వచ్చిన రోజే వేసుకోవాలి. రోజూ ఒకసారి రీస్టార్ట్ చేస్తే మెమరీలో మాత్రమే ఉండే రకాలు పోతాయి.

ఆపిల్ హెచ్చరిక వస్తే నిజమో కాదో ఇలా చూడండి. మెయిల్‌లోని ఏ లింకూ నొక్కకుండా మీరే ఆపిల్ అకౌంట్ సైటు తెరిచి లాగిన్ అవండి. నిజమైతే పేజీ పైనే అదే హెచ్చరిక ఉంటుంది. నిజమని తేలితే కంగారుపడి ఫ్యాక్టరీ రీసెట్ చేయకండి, ఆధారం పోతుంది. వేరే ఫోన్ నుంచి యాక్సెస్ నౌ సంస్థ డిజిటల్ సెక్యూరిటీ హెల్ప్‌లైన్‌ను సంప్రదించండి. విలేకరులకు, పౌర సంఘాలకు వాళ్లు ఉచితంగా సాయం చేస్తారు.

ఇక్కడే ఒక మాట. "మీ ఫోన్ నిఘాలో ఉంది, కెమెరా ముందే కూర్చోండి" అని వీడియో కాల్‌లో ఎవరైనా అంటే వాడు దొంగ. డిజిటల్ అరెస్టు అనేది చట్టంలో లేదు, నిజంగా నిఘా పెట్టేవాళ్లు మీకు చెప్పి పెట్టరు. ఫోన్ పెట్టేసి 1930కి కాల్ చేయండి. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ ఒక్క పేరా అయినా చదివి వినిపించండి.

దశ 6: పోలీసులు ఫోన్ అడిగితే

2021 అక్టోబరులో హైదరాబాద్‌లో పోలీసులు దారిన పోయేవాళ్లను ఆపి, గంజాయి మాట కోసం వాట్సాప్ చాట్లు వెతికిన వీడియో బయటికొచ్చింది. కారణం లేకుండా రోడ్డు మీద ఎవరి చాట్లైనా తిరగేసే అధికారం ఏ చట్టమూ ఇవ్వలేదు. వాదనకు దిగకుండా "ఏ కేసు సార్, ఏ సెక్షన్, నోటీసు ఇస్తారా" అని అడగండి. బలవంతం చేస్తే అడ్డుపడకండి. పేరు, స్టేషన్, సమయం గుర్తుపెట్టుకుని అదే రోజు లాయరుకు చెప్పండి.

కేసులో జప్తు చేస్తుంటే మూడు విషయాలు పట్టుబట్టాలి. ఒకటి, బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 105 ప్రకారం సోదా, జప్తు మొత్తం ఆడియో-వీడియో రికార్డు చేయాలి. రెండు, పంచనామాలో మోడల్, ఐఎంఈఐ, సిమ్ వివరాలు, ఫోన్ ఆన్‌లో ఉందా ఆఫ్‌లోనా అన్నది రాయించాలి, నకలు తీసుకోవాలి. మూడు, డేటా నకలు తీసేటప్పుడు హ్యాష్ విలువ నమోదు చేయమనాలి. అది డేటాకు వేలిముద్ర లాంటిది. తరువాత ఒక్క అక్షరం మారినా ఆ విలువ మారిపోతుంది, కొత్తగా ఏదైనా చొప్పించారేమో దాంతోనే తేలుతుంది.

పాస్‌వర్డ్ చెప్పి తీరాలా? దీనిపై హైకోర్టులు ఒక్క మాట మీద లేవు. నిందితుడిని పాస్‌వర్డ్ చెప్పమని బలవంతపెట్టలేరని 2023లో ఢిల్లీ హైకోర్టు అంది. నిందితుడిని తనకు తానే వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టరాదనే రాజ్యాంగంలోని ఆర్టికల్ 20(3) దానికి ఆధారం. పాస్‌వర్డ్ ఇవ్వడం తనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పడం కిందికి రాదని 2021లో కర్ణాటక హైకోర్టు అంది. అందుకే అక్కడికక్కడ నిర్ణయించకుండా "లాయరుతో మాట్లాడాక చెబుతాను" అనండి. నోటీసు వచ్చాక మాత్రం ఏదీ డిలీట్ చేయకండి. సాక్ష్యం కాకుండా చేయాలని ఎలక్ట్రానిక్ రికార్డు ధ్వంసం చేస్తే బీఎన్ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 241 కింద మూడేళ్ల వరకు శిక్ష. అసలు కేసులో ఏమీ లేకపోయినా దీంట్లో ఇరుక్కుంటారు.

అమెరికా ప్రయాణమైతే

మన పిల్లలు వేలల్లో వెళ్తున్నారు కనుక ఇది విడిగా. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా దరఖాస్తుదారులు సోషల్ మీడియా ఖాతాలను పబ్లిక్‌లో పెట్టాలని అక్కడి విదేశాంగ శాఖ చెప్పింది. ఆ డిసెంబరు 15 నుంచి హెచ్-1బీ, హెచ్-4 వారికీ వర్తింపజేసింది. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో గత ఐదేళ్ల ఖాతాలన్నీ రాయాలి. ఒకటి దాచి తరువాత దొరికితే పోస్టులో ఏముందన్నది కాదు, దాచడమే తిరస్కరణకు కారణమవుతుంది. సరిహద్దులో ఫోన్ వెతికే అధికారం వాళ్లకుంది. పౌరులు కానివారు పాస్‌వర్డ్ ఇవ్వనంటే వెనక్కి పంపవచ్చు. అందుకని అక్కడ తాళం కన్నా తక్కువ మోసుకెళ్లడమే మేలు. పాత చాట్లు, పని ఫైళ్లు ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్‌లో ఉంచి, ఫోన్‌లో ప్రయాణానికి కావాల్సినవే పెట్టుకోండి. ఫోన్ ఉంచేసుకుంటే 6051డి ఫారం రసీదు అడిగి తీసుకోండి.

మీ ఫోన్ విన్నారని బయటపడితే

సాధారణంగా అది చార్జిషీటు చేతికొచ్చినప్పుడే తెలుస్తుంది. ఆర్టీఐతో పని అయ్యే అవకాశం తక్కువ. ఐబీ లాంటి సంస్థలు సెక్షన్ 24 కింద మినహాయింపులో ఉన్నాయి. మిగతావి భద్రత, దర్యాప్తు కారణాలు చూపి నిరాకరిస్తాయి. దారి ఆర్టికల్ 226 కింద హైకోర్టే.

లాయరు ముందుగా హోం కార్యదర్శి ఆదేశం నకలు అడగాలి. అందులో తేదీ ఉందా, రికార్డింగ్ ఆ తేదీకి ముందు మొదలైందా, 60 రోజులు దాటాక పొడిగింపు ఉందా, కారణాలు రాశారా లేక చట్టంలోని మాటలనే దించేశారా, సమీక్ష కమిటీకి గడువులోగా వెళ్లిందా చూడాలి. అన్నిటికన్నా ముఖ్యం, ప్రజా అత్యవసరం గానీ ప్రజా భద్రత గానీ నిజంగా ఉన్నాయా అన్నది. 2019 అక్టోబరులో బాంబే హైకోర్టు ఒక లంచం కేసులో ఆ రెండూ లేవని ట్యాపింగ్ ఆదేశాలను కొట్టేసి, రికార్డింగులు ధ్వంసం చేయమంది. 2025 జులైలో మద్రాసు హైకోర్టు కూడా 2011 నాటి ఆదేశాన్ని ఇదే కారణంతో రద్దు చేసింది. గుట్టుగా నేరం జరుగుతోందన్న అనుమానం ఒక్కటే ప్రజా అత్యవసరం కాదని తేల్చింది. పిటిషన్‌లో ఈ రెండు తీర్పులనూ జత చేయమని లాయరుకు చెప్పండి.